పాత పేజ్‌మేకరూ కావాలి, కొత్త విండోసూ కావాలి: ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు సిస్టమ్‌లు నడుపుకోవడం

పారీస్ కార్నర్ వైపు వచ్చిపోయేవాళ్ళకు ఆండర్సన్ వీధి గురించి చెప్పక్కర్లేదు. కాగితాలు, కవర్లు, పెళ్ళికార్డులు అన్నీ అక్కడే. ఆ పక్క సందులో మాది చిన్న డీటీపీ షాపు. చెన్నైలో ఉన్నా మాకు తెలుగు పనే ఎక్కువ: శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, గుడి కరపత్రాలు, సంఘాల సావనీర్లు. సూళ్ళూరుపేట, నాయుడుపేట నుంచి కూడా పొద్దున్నే రైలెక్కి వస్తారు. పాత పార్టీలు వచ్చారంటే అడిగేది ఒకటే. "అమ్మా, పెద్దోడి పెళ్ళికి మీరే వేశారు గదా, అదే కార్డు. పేర్లూ ముహూర్తమూ మారిస్తే చాలు."

పెద్దోడి పెళ్ళి 2006లో. ఫైలు నా దగ్గర భద్రంగానే ఉంది. కానీ అది పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత అడోబీ సాఫ్ట్‌వేర్) ఫైలు, లోపల వాడింది యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి) కాని పాత తెలుగు ఫాంటు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అదే చివరి పెద్ద వెర్షన్. ఆ తర్వాత అడోబీ వాళ్ళు ఇన్‌డిజైన్ వైపు వెళ్ళిపోయారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది కాబట్టి షాపులో ఇప్పుడు నడిచేది విండోస్ 11. దాని మీద పేజ్‌మేకర్ తెరుచుకోవడం తెరుచుకుంటుంది. దానికి తోడుండాల్సిన పాత తెలుగు కీబోర్డు మేనేజరు, పాత ప్రింటరు డ్రైవరు మాత్రం నా సిస్టమ్‌లో కుదురుగా కూర్చోలేదు. ఒకరోజు "క్ష" పడుతుంది, ఒకరోజు పడదు. ముహూర్తాల సీజన్‌లో అలాంటి టెన్షన్ మనకెందుకు?

అందుకని ఒకే డబ్బాలో విండోస్ 11, పాత విండోస్ 7, విండోస్ లాంటిదే ఇంకో ఉచిత సిస్టమ్ అయిన లినక్స్ మూడూ పెట్టుకున్నాను. మీ దగ్గర పేజ్‌మేకర్ బదులు పాత అకౌంట్స్ ప్యాకేజీ ఉండొచ్చు, కాలేజీ ప్రాజెక్టుకు లినక్స్ కావాల్సి ఉండొచ్చు. దారులు మాత్రం ఇవే.

ఏ దారి పట్టాలో ముందే తేల్చుకోవాలి. చాలామంది ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేసి, ఇన్‌స్టాల్ అయ్యాక ఆలోచిస్తారు. ముందు ఆ సాఫ్ట్‌వేర్ దేనికోసం రాసిందో చూడండి. డాస్ కాలానిదా, 16 బిట్ విండోస్‌దా, 32 బిట్‌దా? 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. విండోస్ 11 అంటే 64 బిట్టే, 32 బిట్ ఎడిషనే లేదు. తర్వాత, ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఏదైనా వస్తువు తగిలించాలా: యూఎస్‌బీ లాక్ (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళం), పాత స్కానర్, ప్రింటర్? చివరగా, రెండూ ఒకేసారి తెరిచి ఉండాలా, లేక ఒకటి మూసి ఇంకొకటి తెరిస్తే సరిపోతుందా? ఈ చివరి దానికి జవాబు సరిగ్గా చెప్పుకుంటే సగం దారులు వాటంతట అవే పోతాయి. నాకు ఒక పక్క వాట్సాప్‌లో పార్టీ పంపిన పేర్లు, ఇంకో పక్క పేజ్‌మేకర్ రెండూ కనబడాలి. కాబట్టి డ్యూయల్ బూట్, అంటే ఆన్ చేసేటప్పుడే రెండు సిస్టమ్‌లలో ఒకదాన్ని ఎంచుకునే పద్ధతి, నాకు పనికిరాదు.

నాకు పనికొచ్చింది వర్చువల్ మెషీన్, అంటే ఉన్న విండోస్‌లోనే ఒక కిటికీలో ఇంకో కంప్యూటర్ నడిచినట్టు. మద్రాసు వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చినట్టు. దానికి వేరే తలుపు, వేరే తాళం, లోపల వాళ్ళ సామాను వాళ్ళది. మేడ మీద నీళ్ళ ట్యాంకు మాత్రం ఒకటే. ఆ ట్యాంకు మీ ర్యామ్. సిస్టమ్‌లో 4 జీబీ ఉంటే ఈ ఆలోచనే వద్దు. 8 జీబీతో నెట్టుకురావచ్చు, 16 ఉంటే నిశ్చింత. రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి ర్యామ్ కొనేముందు మీ మదర్‌బోర్డులో పడేది డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకుని వెళ్ళండి. ఒకదాని స్లాటులో ఇంకొకటి పట్టదు. అక్కడ బేరమాడే హడావిడిలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

సాఫ్ట్‌వేర్ పెట్టేముందు ఒక పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత సీపీయూ. కింద "వర్చువలైజేషన్" అనే చోట ఎనేబుల్డ్ అని ఉంటే సరే. డిజేబుల్డ్ అని ఉంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కుతూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీ) వెళ్ళాలి. ఇంటెల్ ప్రాసెసర్‌కు "ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ" అని, ఏఎమ్‌డీకి "ఎస్‌వీఎమ్ మోడ్" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి సేవ్ చేసి బయటికి రండి. కొన్ని బోర్డుల్లో ఇది అడ్వాన్స్‌డ్ అనే పేజీలో, సీపీయూ కాన్ఫిగరేషన్ కింద దాక్కుని ఉంటుంది.

నేను వాడేది ఒరాకిల్ వారి వర్చువల్‌బాక్స్. అసలు ప్యాకేజీ ఉచితం, షాపులోనూ వాడుకోవచ్చు. దాంతోపాటు కనబడే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం వేరు. అది సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికి లైసెన్సు కొనాలి. నాకు దాని అవసరమే పడలేదు. వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితమే, అది అలవాటైనవాళ్ళు దానితోనే ఉండండి. విండోస్‌లోనే వచ్చే హైపర్‌వీ ప్రో ఎడిషన్ వాళ్ళకే, హోమ్ ఎడిషన్‌లో ఉండదు.

వర్చువల్‌బాక్స్ తెరిచి "న్యూ" నొక్కండి. పేరు ఏదైనా పెట్టుకోండి, నాది "పాత షాపు". విండోస్ 7, 32 బిట్ అని ఎంచుకుని ఐఎస్ఓ ఫైలు (విండోస్ ఇన్‌స్టాల్ డిస్కుకు నకలు) చూపించండి. అన్‌అటెండెడ్ అంటూ తనంతట తానే ఇన్‌స్టాల్ చేస్తానంటుంది, వద్దనండి. మనం చేసుకుంటేనే భాష, కీబోర్డు, యూజరు పేరు మనకు నచ్చినట్టు ఉంటాయి. ర్యామ్ 2 జీబీ చాలు. 32 బిట్ విండోస్ 7 నాలుగు జీబీకి మించి వాడుకోలేదు, పేజ్‌మేకర్‌కు ఆ రెండే ఎక్కువ. హార్డ్ డిస్కు 30 జీబీ అని చెప్పి, ముందే మొత్తం స్థలం తీసుకోమనే టిక్కు పెట్టకుండా వదిలేయండి. అప్పుడు లోపల ఎంత నిండితే బయట ఫైలు అంతే పెరుగుతుంది.

లైసెన్సు సంగతి కూడా అనుకోవాలి. వర్చువల్ మెషీన్‌లో పెట్టే విండోస్‌కు విడిగా లైసెన్సు ఉండాలి. బయట విండోస్ 11 ఉంది కదా అని లోపలిది ఫ్రీ అయిపోదు. పాత బ్రాండెడ్ కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ ఆ కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదట చేయాల్సింది పేజ్‌మేకర్ పెట్టడం కాదు. పైన డివైసెస్ మెనూలో "ఇన్సర్ట్ గెస్ట్ ఎడిషన్స్ సీడీ ఇమేజ్" అని ఉంటుంది. అది నొక్కి, లోపలి విండోస్‌లో కనబడే సీడీ నుంచి గెస్ట్ ఎడిషన్స్ ఇన్‌స్టాల్ చేయండి. ఇది లేకపోతే స్క్రీను అగ్గిపెట్టెంత ఉంటుంది, మౌసు లోపల ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నప్పుడు కుడివైపు కంట్రోల్ కీ ఒకసారి నొక్కితే బయటికి వస్తుంది. మా షాపు అబ్బాయికి మొదటి వారం మొత్తం నేను అరిచి చెప్పింది ఈ ఒక్క మాటే.

తర్వాత షేర్డ్ ఫోల్డర్. బయట డీ డ్రైవులో "కార్డులు" అని ఒక ఫోల్డర్ చేసి, డివైసెస్‌లో షేర్డ్ ఫోల్డర్స్‌కు వెళ్ళి దాన్నొక్కదాన్నే ఇవ్వండి. ఆటోమౌంట్ టిక్ పెట్టి ఒక డ్రైవు అక్షరం ఇస్తే లోపల మామూలు డ్రైవులాగే కనిపిస్తుంది. డీ డ్రైవు మొత్తం ఇచ్చేయకండి. పార్టీల పెన్‌డ్రైవుల్లో ఏముంటుందో దేవుడికే ఎరుక. లోపలి పాత విండోస్‌కు వైరస్ తగిలితే అది చెయ్యి చాపగలిగేది ఈ ఒక్క ఫోల్డర్ వరకే ఉండాలి.

అదే కారణంతో నెట్ తీసేయండి. విండోస్ 7కు 2020 జనవరి 14 నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం లేదు, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ నుంచే లేవు. యాక్టివేషన్ పని అయిపోగానే మెషీన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కు వెళ్ళి "నాట్ అటాచ్‌డ్" అని పెట్టండి. నెట్ లేకపోయినా షేర్డ్ ఫోల్డర్ పనిచేస్తుంది, దాని దారి వేరు. పేజ్‌మేకర్‌కు నెట్‌తో పనేముంది?

ఇప్పుడు పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు మేనేజరు వరసగా పెట్టండి. అన్నీ పెట్టి, ఒక పాత ఫైలు తెరిచి, "శ్రీరస్తు శుభమస్తు" సరిగ్గా పడుతోందో లేదో చూసుకున్నాక ఒక స్నాప్‌షాట్ తీయండి. రేపు ఏదైనా చెడితే ఒక్క క్లిక్కుతో ఇక్కడికే తిరిగి రావచ్చు. అలా వెనక్కి వెళ్ళినప్పుడు లోపలి డిస్కులో ఆ తర్వాత సేవ్ చేసినవన్నీ పోతాయి. అందుకే పని ఫైళ్ళు లోపల డెస్క్‌టాప్ మీద పెట్టకూడదు, షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉండాలి.

యూఎస్‌బీ లాక్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద దాని పేరు మీద టిక్ పెట్టండి. అప్పుడది బయటి విండోస్‌ను వదిలి లోపలికి వెళ్తుంది. ప్రతిసారీ ఈ తతంగం వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్ పెట్టుకోవచ్చు. విండోస్ 7కు యూఎస్‌బీ 3 డ్రైవరు తనంతట రాదు కాబట్టి కంట్రోలర్ యూఎస్‌బీ 2 అని పెట్టండి. ప్రింటరు పోర్టుకు తగిలించే ఆ పాత లావుపాటి లాక్ అయితే మాత్రం ఆశ తగ్గించుకోండి. ఆ పాత డబ్బాను మూలన అలాగే ఉంచుకోవడం నయం.

ప్రింటరును లోపలికి ఇవ్వడానికి కుస్తీ పట్టొద్దు. నేను పేజ్‌మేకర్ నుంచి ప్రింటరుకు పంపనే పంపను. లోపల ఒక పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటరుకు చెప్పే భాష) ప్రింటరు డ్రైవరు పెట్టి, పేజ్‌మేకర్ ప్రింట్ ఆప్షన్లలో "రైట్ పోస్ట్‌స్క్రిప్ట్ టు ఫైల్" ఎంచుకుంటాను. దాని దగ్గరే ఫాంట్లు డౌన్‌లోడ్ చేయమనే చోట పోస్ట్‌స్క్రిప్ట్, ట్రూటైప్ రెండూ ఉన్నదాన్ని పెట్టాలి. లేకపోతే "వధువు" ఉన్న చోట ఇంగ్లీషు అక్షరాల గిలుకుడు వస్తుంది. ఆ ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో పడుతుంది. దాన్ని పీడీఎఫ్ చేసేది లినక్స్.

లినక్స్ అనగానే భయపడాల్సిన పని లేదు. విండోస్ 11లో డబ్ల్యూఎస్ఎల్ అని, విండోస్ లోపలే లినక్స్ నడిపేది ఒకటుంది, హోమ్ ఎడిషన్‌లోనూ వస్తుంది. స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ మీద కుడి క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇంగ్లీషు అక్షరాల్లో డబ్ల్యూఎస్ఎల్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు పెట్టి వాటికి ఆనించి ఇన్‌స్టాల్ అని కొట్టి ఎంటర్. వేరే ఏదీ చెప్పకపోతే ఉబుంటు అనే రకం లినక్స్ వస్తుంది. రీస్టార్ట్ అయ్యాక యూజరు పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీను మీద చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిందనుకోకండి, దాని పద్ధతే అంత. ఆ తర్వాత అందులో ఘోస్ట్‌స్క్రిప్ట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును ఒక్క వరస కమాండుతో పీడీఎఫ్ చేస్తుంది. మీ డీ డ్రైవు లినక్స్‌కు "ఎమ్ఎన్‌టీ" అనే ఫోల్డర్ కింద "డీ" అనే పేరుతో కనిపిస్తుంది. అటువైపు లినక్స్ ఫైళ్ళు మన ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమ పక్కన పెంగ్విన్ బొమ్మ కింద ఉంటాయి.

ఇదంతా కలిపి చూస్తే, పేర్లు మార్చేది విండోస్ 7లో, పీడీఎఫ్ అయ్యేది ఉబుంటులో, పార్టీకి వాట్సాప్‌లో ప్రూఫు వెళ్ళేది, ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసేది విండోస్ 11లో. పార్టీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగేలోపు అయిపోతుంది. వాళ్ళకు ఇదేదీ తెలియదు, వాళ్ళ చూపంతా మేనమామ పేరు ముందు "చి." పడిందా "శ్రీ" పడిందా అనే దాని మీదే.

రెండు చోట్ల చికాకు వస్తుంది. డబ్ల్యూఎస్ఎల్ పెట్టాక వర్చువల్‌బాక్స్ కిటికీ కింద, కుడి మూలన, చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడొచ్చు. అది అలంకారం కాదు. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను విండోస్‌లోని హైపర్‌వీ భాగం (హోమ్ ఎడిషన్‌లోనూ డబ్ల్యూఎస్ఎల్‌తో పాటు ఇది వస్తుంది) ముందే పట్టుకుంది, వర్చువల్‌బాక్స్ దాని వెనక నుంచి నెమ్మదిగా నడుస్తోందని దాని అర్థం. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఈ తాబేలు వస్తుంది. హైపర్‌వీ తీసేస్తే తాబేలు పోతుంది, దాంతోపాటు డబ్ల్యూఎస్ఎల్ కూడా పోతుంది. పేజ్‌మేకర్ లాంటి తేలికపాటి పనికి తాబేలున్నా నడిచిపోతుంది, నేను వదిలేశాను. లోపల బరువైన సాఫ్ట్‌వేర్ నడపాలంటే మాత్రం రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోవాలి.

రెండోది కాపీ పేస్ట్. షేర్డ్ క్లిప్‌బోర్డు ఆన్ చేస్తే లోపలి అక్షరాలు బయటికి వస్తాయి. పాత ఫాంటులోని తెలుగు బయట వర్డ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు పడతాయి. ఇది వర్చువల్‌బాక్స్ తప్పు కాదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిపెట్టినవి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒక్కొక్కటీ చదివి చూసుకోవాలి, ముఖ్యంగా గోత్రాలూ ఇంటిపేర్లూ.

పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే ఇంకో సులువైన పద్ధతి ఉంది. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్‌లో డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. అది ఆ హార్డ్ డిస్కును ఉన్నదున్నట్టుగా ఒక ఫైలుగా మార్చేస్తుంది. అందులో "వీహెచ్‌డీఎక్స్" అనే టిక్కు తీసేయండి, వర్చువల్‌బాక్స్‌కు వీహెచ్‌డీ ఫైలే అనుకూలం. ఫైలును ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసి, కొత్త సిస్టమ్‌లో మెషీన్ చేసేటప్పుడు కొత్త డిస్కు బదులు దీన్ని చూపించాలి. మొదటిసారి నీలం స్క్రీను వస్తే డిస్కు కంట్రోలరును సాటా నుంచి ఐడీఈకి మార్చి చూడండి. విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడగొచ్చు, లైసెన్సు గురించి పైన చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది. సీడీలు పోయి, ఏ ఫాంటు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తులేని షాపులకు నేను మొదట చెప్పేది ఇదే.

మిగతా దారులు క్లుప్తంగా చెబుతాను.

మా రెండో సిస్టమ్ పాతది, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు కాబట్టి విండోస్ 11కు అర్హత లేదు. దాని మీద లినక్స్ మింట్ పెట్టాను. అందులో చిన్న చిన్న విండోస్ ప్రోగ్రాములు కావాలంటే వైన్ ఉంది. 1993 నుంచి తయారవుతూనే ఉన్న పని అది. ఇందులో విండోస్ ఉండదు, లైసెన్సూ అక్కర్లేదు. ప్రోగ్రాము విండోస్‌ను అడిగేవాటిని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి ఇస్తుంది. ఫాంట్ వ్యూయర్లు, ఫొటో సైజు తగ్గించేవి, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటివి బాగానే నడుస్తాయి. కొత్త అడోబీ సాఫ్ట్‌వేర్లు, డ్రైవర్లతో ముడిపడినవి దీంతో కావు. వైన్ వాళ్ళ డేటాబేసులో ఒక్కో ప్రోగ్రాముకు ప్లాటినమ్ నుంచి గార్బేజ్ దాకా రేటింగ్ ఉంటుంది. గార్బేజ్ అని ఉంటే నమ్మేయండి, ఆదివారం పాడుచేసుకోకండి.

డాస్ ప్రోగ్రాములకు డాస్‌బాక్స్. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, ప్రింటింగ్ కూడా కావాలంటే డాస్‌బాక్స్ ఎక్స్ చూడండి.

డ్యూయల్ బూట్ ఆటలు ఆడేవాళ్ళకు, గ్రాఫిక్స్ కార్డు శక్తి మొత్తం కావాల్సినవాళ్ళకు మంచిదే. చేసేముందు బ్యాకప్ తీసుకుని, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకుని, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లినక్స్ నుంచి విండోస్‌కు వచ్చినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తే కంగారుపడకండి. బోర్డులోని గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ కాలంగా, విండోస్ మన కాలంగా చదవడం వల్ల వచ్చే తేడా అది. లినక్స్‌లో ఒక్క సెట్టింగుతో సరిపోతుంది.

మ్యాక్ కొనబోయేవాళ్ళకు ఒక మాట. 2020 చివర్లో ఎమ్1 వచ్చినప్పటి నుంచి ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లలో బూట్ క్యాంప్ (మ్యాక్‌లో విండోస్ పెట్టుకునే ఆపిల్ ఏర్పాటు) లేదు. ప్యారలెల్స్ లాంటి వాటిలో నడిచేది ఆర్మ్ రకం విండోస్ 11. కొత్త ప్రోగ్రాములకు అది బాగానే ఉంటుంది. మన పాత 32 బిట్ విండోస్ 7ను అక్కడ యూటీఎమ్ అనే ప్రోగ్రాములో ఎమ్యులేషన్ (వేరే రకం ప్రాసెసర్‌ను అనుకరించడం) మీద నడపాలి, ఒక్కో పేజీ తిప్పడానికి ఓపిక పట్టాలి. దీనికి తిరగేసి, మామూలు పీసీలో మ్యాక్ ఓఎస్ పెట్టడానికి ఆపిల్ లైసెన్సు ఒప్పుకోదు.

ఇక బ్యాకప్. 2015 డిసెంబరు వరదల్లో సైదాపేటలో తెలిసినవాళ్ళ షాపులో కింద పెట్టిన సీపీయూలన్నీ మునిగాయి. వర్చువల్ మెషీన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, పాత షాపు మొత్తం ఒక్క ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్నీ, పని ఫైళ్ళున్న "కార్డులు" ఫోల్డర్‌నూ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి ఇంటికి తీసుకెళ్తే సరి. స్నాప్‌షాట్ ఉంది కదా అని ఊరుకోవద్దు, అది కూడా అదే డిస్కులో ఉంటుంది. కాపీ తీసేముందు లోపలి విండోస్‌ను షట్‌డౌన్ చేయాలి. కరెంటు పోయి యూపీఎస్ కూతపెడుతున్నప్పుడైతే షట్‌డౌన్ దాకా ఆగక్కర్లేదు: కిటికీ మూసే గుర్తు నొక్కి "సేవ్ ద మెషీన్ స్టేట్" అంటే ఎక్కడిదక్కడ నిలిపి మూసేస్తుంది, కరెంటు వచ్చాక అక్షరం మధ్యలో ఆగిన చోటు నుంచే తెరుచుకుంటుంది.